గీతకి ఏ పక్క?
(సగం ఖాళీ వ్యాగన్లు, ఓడ మీద గీత, మన గ్రాఫ్ కాగితం)



ఈసారి లెక్కల గురించి రాస్తున్నాను. లెక్కలనగానే పక్క కాగితం మీదున్న కార్టూన్ల వైపు వెళ్ళిపోకండి. ఇందులో రైలుంది, ఓడ ఉంది, మా నాన్న కావిడి కూడా ఉంది. చివర్లో ఒక ప్రశ్న కూడా ఉంది.

అసలు ఈ వ్యాసం మా బెంచీ వాడి కోసం మొదలుపెట్టాను. స్లిప్ టెస్టులో అసమీకరణం గ్రాఫ్ ఇచ్చారు. వాడు గీత చక్కగా గీశాడు. స్కేలు పెట్టి, పెన్సిలు చెక్కుకుని, చెరుపుడు లేకుండా గీశాడు. కానీ రంగు వేయాల్సిన పక్క కాకుండా రెండో పక్క వేశాడు. సున్నా మార్కులు. రెండోసారీ అదే జరిగింది. "ఏ పక్క వెయ్యాలో ఎలా తెలుస్తాదిరా? నాకు లెక్కలు రావు, సెలవులకి వెళ్తే ఇంక తిరిగి రాను" అన్నాడు. గీతకి ఇవతలా అవతలా అన్న చిన్న సంగతికి ఒకడు చదువు మానేయాలా? అందుకే రాస్తున్నాను.

సగం ఖాళీ వ్యాగన్లు

మా ఊరు కొండ మీద ఉంది. కింద నుంచి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం పోతుంది. అరకు వైపు వాళ్ళందరికీ తెలిసిన లైనే. 1960వ దశకంలో కొండల్ని తొలిచి, యాభైకి పైగా సొరంగాలతో వేశారు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం ఓడరేవుకి తెచ్చి జపాన్‌కి పంపడానికి వేసిన లైను అది. తర్వాత విశాఖ ఉక్కు కర్మాగారం వచ్చింది. దానికీ బైలదిల్లా ఖనిజమే ఈ దారిన వస్తోంది.

సెలవుల్లో మేకలు కాసేటప్పుడు గట్టు మీద కూచుని వ్యాగన్లు లెక్కపెట్టడం మా ఆట. పై నుంచి చూస్తాం కాబట్టి వ్యాగన్ లోపలంతా కనిపిస్తుంది. ఎర్రటి ఖనిజం ఉంటుంది గానీ అంచుదాకా ఉండదు. ఇంచుమించు సగం దాకే ఉంటుంది. ప్రతి వ్యాగనూ అంతే. మా తాత ఆ బళ్ళు చూసినప్పుడల్లా "దారిలో ఎవడో దించేసుకుంటున్నాడ్రా" అనేవాడు. నాకూ నిజమే అనిపించేది. అంత దూరం నుంచి సగం ఖాళీ బండిని ఎవరైనా లాక్కొస్తారా?

విజ్ఞాన యాత్రకి విశాఖపట్నం వెళ్ళినప్పుడు ఇంకో వింత చూశాను. ఓడరేవు దగ్గర పట్టాల మీద అవే రకం వ్యాగన్లు నిలబడి ఉన్నాయి. వాటిల్లో బొగ్గు అంచుదాకా నిండి, పైన కుప్పగా కూడా ఉంది. లెక్కల మేస్టార్ని అడిగాను.

"మేస్టారూ, బొగ్గు నిండా వేస్తారు. మన ఖనిజం మాత్రం సగమే వేస్తారేటి?"

మేస్టారు నవ్వి, "ఖనిజం వ్యాగన్ ఖాళీగా లేదురా, నిండిపోయింది. నువ్వు ఒక్క కొలతే చూస్తున్నావు. రైలు రెండు కొలతలు చూస్తుంది" అన్నారు.

ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు. హాస్టలుకి వచ్చాక లెక్క వేసుకుంటే అర్థమైంది. మీరూ చూడండి. వ్యాగన్లలో చాలా రకాలున్నాయి. లెక్క సులువు కోసం ఒక వ్యాగన్‌లో 56 ఘనపు మీటర్ల చోటుందనీ, అది 60 టన్నుల బరువు మోయగలదనీ అనుకుందాం. ఇనుప ఖనిజం చాలా బరువు. ఒక టన్నుకి సుమారు అర ఘనపు మీటరు చోటు చాలు. అంటే 60 టన్నులు వేస్తే 30 ఘనపు మీటర్లే నిండుతుంది. చోటు ఇంకా మిగిలింది గానీ బరువు హద్దు వచ్చేసింది. ఇంకొక్క తట్ట వేస్తే చక్రాలకీ పట్టాలకీ ప్రమాదం.

ఇప్పుడు కోకు సంగతి. బొగ్గుని గాలి తగలకుండా కాల్చి తయారుచేసేది కోకు. ఉక్కు కర్మాగారంలో ఖనిజాన్ని కరిగించి ఇనుము తియ్యడానికి అదే కావాలి. అది నురగలాగ బోలుగా ఉంటుంది. ఒక టన్నుకి సుమారు 2 ఘనపు మీటర్ల చోటు కావాలి. వ్యాగన్ అంచుదాకా నింపినా 28 టన్నులే పడుతుంది. బరువు ఇంకా మొయ్యగలదు గానీ చోటు హద్దు వచ్చేసింది.

కాబట్టి ఖనిజం వ్యాగన్ బరువుతో నిండింది, కోకు వ్యాగన్ చోటుతో నిండింది. మా తాత అనుకున్న దొంగ ఎవరూ లేరు.

సమీకరణం, అసమీకరణం

ఇక్కడ ఒక్క మాట గమనించండి. "60 టన్నులు మోయగలదు" అంటే కచ్చితంగా 60 టన్నులే వేయాలని కాదు. 60 వేయొచ్చు, 45 వేయొచ్చు, ఖాళీగానూ పంపొచ్చు. 60 దాటకూడదు, అంతే. బరువుని ఎక్స్ అనుకుంటే

ఎక్స్ = 60 అనేది సమీకరణం. దీనికి ఒకటే జవాబు.
ఎక్స్ ≤ 60 అనేది అసమీకరణం. దీనికి జవాబులు ఎన్నో.

మన రోజువారీ బతుకులో సమానం గుర్తు కంటే ఈ రెండో గుర్తే ఎక్కువ. "తొమ్మిది గంటల లోపు లైట్లు తీసేయాలి", "కనీసం 35 మార్కులు రావాలి", "ఓటు వేయడానికి 18 ఏళ్ళు నిండాలి" – ఇవన్నీ అసమీకరణాలే. వార్డెన్ గారు రోజూ చెప్పేవి చాలావరకు అసమీకరణాలే అని మేస్టారు సరదాగా అంటారు.

ఒక చిన్న తేడా చూడండి. "18 నిండితే" అంటే 18 కూడా లెక్కలోకి వస్తుంది. గుర్తు కింద అడ్డగీత ఉంటుంది (≥). "18 లోపు పిల్లలు" అంటే 18 లెక్కలోకి రాదు. అడ్డగీత ఉండదు (<). గ్రాఫ్ గీసేటప్పుడు ఈ తేడా మళ్ళీ వస్తుంది.

ఓడ ఒంటి మీద గీత

విశాఖపట్నం ఓడరేవుకి 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ మొట్టమొదట వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 19న అప్పటి వైస్రాయ్ లార్డ్ విల్లింగ్‌డన్ రేవుని లాంఛనంగా ప్రారంభించాడు. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఎగుమతి చెయ్యడం అప్పట్లో దాని ముఖ్యమైన పని. పెద్ద ఖనిజం ఓడల కోసం బయటి రేవు 1976లో వచ్చింది. ఇక ఉక్కు కర్మాగారం కోసం 1966లో 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అంటూ పెద్ద ఉద్యమం నడిచింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేశారు. అక్కడి మొదటి రెండు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ. ఖనిజం మన కొండల మీదుగా రైల్లో వస్తే, కోకు చేసుకునే బొగ్గులో ఎక్కువ భాగం విదేశాల నుంచి ఓడల్లో వస్తుంది. రెండూ కలిసేది విశాఖలోనే.

అనుమతి తీసుకుని మేస్టారు మమ్మల్ని రేవు లోపలికి తీసుకెళ్ళారు. ఒక ఓడ సరుకంతా దించేసి పైకి తేలి ఉంది. దాని అడుగు భాగం ఎర్ర రంగు ఎత్తుగా కనిపిస్తోంది. పక్కనున్న ఓడ నిండా సరుకుతో కిందికి దిగి ఉంది. ఆ ఓడ ఒంటి మీద, మధ్యలో, ఒక గుండ్రటి గుర్తు, దాన్ని అడ్డంగా కోస్తూ ఒక గీత కనిపించాయి. పక్కన మెట్లలాగ ఇంకొన్ని చిన్న గీతలు, వాటికి అక్షరాలూ ఉన్నాయి.

"అది ఓడ మీద రాసిన అసమీకరణంరా" అన్నారు మేస్టారు.

దాని పేరు ప్లిమ్‌సాల్ గీత. పూర్వం ఇంగ్లండులో కొందరు ఓడల యజమానులు పాత ఓడల్లో మోయలేనంత సరుకు వేసి, వాటికి పెద్ద బీమా చేయించి సముద్రం మీదికి పంపేవారు. ఓడ చేరితే లాభం వచ్చేది, మునిగితే బీమా డబ్బు వచ్చేది. చచ్చేది కూలి నావికులు. అలాంటి ఓడల్ని జనం శవపేటికలు అనేవారు. శామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే పార్లమెంటు సభ్యుడు దీని మీద ఏళ్ళ తరబడి పోరాడాడు. 1876లో వచ్చిన చట్టంతో ఓడ మీద ఈ గీత తప్పనిసరైంది. గీత ఎక్కడ గీయాలో యజమాని ఇష్టానికి వదలకుండా 1890లో ఇంకో చట్టం కట్టుదిట్టం చేసింది. 1930లో చాలా దేశాలు కలిసి దీన్ని ఒప్పందంగా రాసుకున్నాయి.

గీత చెప్పే మాట ఒక్కటే. నీటి మట్టం ఇక్కడిదాకా రావచ్చు, ఇది మునగకూడదు. పక్కనున్న చిన్న గీతలు నీటిని బట్టి, కాలాన్ని బట్టి. మంచినీటిలో ఓడ కాస్త ఎక్కువ దిగుతుంది కాబట్టి దానికో గీత. వేసవికి ఒకటి, తుఫానులు ఎక్కువుండే చలికాలానికి ఇంకొంచెం కిందగా ఒకటి. గీతకి ఏ పక్క ఉన్నామన్నది అక్కడ మార్కుల సంగతి కాదు, ప్రాణాల సంగతి.

ఇక గ్రాఫ్ గీద్దాం

ఇప్పుడు ఒక ఓడని కాగితం మీదికి తెద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవి. మామూలుగా ఒక ఓడలో ఒకే రకం సరుకు ఎక్కువగా పోతుంది. మనం మాత్రం వేర్వేరు గదుల్లో ఖనిజం, కోకు రెండూ వేస్తున్నాం అనుకుందాం.

ఓడ మోయగల బరువు 40 వేల టన్నులు. సరుకు గదుల చోటు 50 వేల ఘనపు మీటర్లు. ఖనిజం ఎక్స్ వేల టన్నులు, కోకు వై వేల టన్నులు.

బరువు హద్దు: ఎక్స్ + వై ≤ 40

చోటు హద్దు: ఖనిజం టన్నుకి అర, కోకు టన్నుకి 2. అంటే సగం ఎక్స్, రెండు వై కలిపితే 50 దాటకూడదు. రెండు వైపులా 2 పెట్టి గుణిస్తే ఎక్స్ + 4వై ≤ 100

ఇంకో రెండు హద్దులు చాలామంది మర్చిపోతారు. సరుకు సున్నా కంటే తక్కువ ఉండదు కదా! కాబట్టి ఎక్స్ ≥ 0, వై ≥ 0. అందుకే మన బొమ్మంతా మొదటి పాదంలోనే, అంటే కుడివైపు పైభాగంలోనే ఉంటుంది.

మొదటి మెట్టు. గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా ఎక్స్-అక్షం, నిలువుగా వై-అక్షం గీయండి. ఒక సెంటీమీటరుకి 10 వేల టన్నులు అని స్కేలు రాయండి. స్కేలు రాయకపోతే మార్కు పోతుంది!

రెండో మెట్టు. అసమీకరణాన్ని కాసేపు సమీకరణం అనుకోండి. ఎక్స్ + వై = 40. ఎక్స్ సున్నా అయితే వై 40. వై సున్నా అయితే ఎక్స్ 40. (0, 40), (40, 0) బిందువులు పెట్టి స్కేలుతో కలపండి. గుర్తు కింద అడ్డగీత ఉంది కాబట్టి నిండు గీత గీయాలి. హద్దు మీద నిలబడినా తప్పు లేదని దాని అర్థం. అడ్డగీత లేకపోతే చుక్కల గీత గీయాలి. హద్దు దాకా రావొచ్చు గానీ దాని మీద నిలబడకూడదని దాని అర్థం.

మూడో మెట్టు. ఇదే మా బెంచీ వాడు తప్పిన చోటు. గీత గీయగానే కాగితం రెండు ముక్కలైంది. ఒక ముక్కలో ప్రతి బిందువూ మన మాట వింటుంది. రెండో ముక్కలో ఒక్కటీ వినదు. సగం వినేవి, సగం విననివి ఒకే పక్క కలిసి ఉండవు. అందుకని మొత్తం పక్కని పరీక్షించక్కర్లేదు, ఒక్క బిందువుని అడిగితే చాలు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం కదా, అలాగే.

అన్నిటికంటే సులువైన మెతుకు మూలబిందువు (0, 0). అసమీకరణంలో పెట్టండి. 0 + 0 ≤ 40. నిజమే. కాబట్టి మూలబిందువు ఉన్న పక్కే మనది. ఖాళీ ఓడ మునగదు కదా! అబద్ధమని తేలితే రెండో పక్క మనదయ్యేది.

నాలుగో మెట్టు. రెండో హద్దుకీ అలాగే చెయ్యండి. ఎక్స్ + 4వై = 100. ఎక్స్ సున్నా అయితే వై 25. వై సున్నా అయితే ఎక్స్ 100. (0, 25), (100, 0) కలపండి. మూలబిందువుని అడగండి. 0 ≤ 100 నిజమే. ఇక్కడా మూలబిందువు పక్కే.

అయిదో మెట్టు. బరువు హద్దుకి నీలం పెన్సిలు, చోటు హద్దుకి ఎర్ర పెన్సిలు వాడండి. రెండు రంగులూ కలిసిన చోటే సాధన ప్రాంతం. అక్కడున్న ప్రతి బిందువూ ఓడలో వేయగల సరుకే. కింద అంటించిన గ్రాఫ్ కాగితం చూడండి.

ఆ ప్రాంతానికి నాలుగు మూలలున్నాయి. (0, 0), (40, 0), (20, 20), (0, 25). మూడోది రెండు గీతలూ కలుసుకునే చోటు. అది ఎలా వచ్చిందంటే, ఎక్స్ + 4వై = 100 లోంచి ఎక్స్ + వై = 40 తీసేస్తే 3వై = 60. వై 20, ఎక్స్ 20.

ఇప్పుడు ఈ మూలల్ని చదవండి. (40, 0) దగ్గర ఓడలో అంతా ఖనిజమే. చోటు 20 వేల ఘనపు మీటర్లే నిండింది, బరువు మాత్రం పూర్తయింది. మా ఊరి కింద పోయే సగం ఖాళీ వ్యాగన్ ఇదే! (0, 25) దగ్గర అంతా కోకే. చోటు పూర్తయింది, బరువు ఇంకా 15 వేల టన్నులు మొయ్యగలదు. (20, 20) దగ్గర చోటూ నిండింది, బరువూ నిండింది. ఓడ గదులు నిండుగా ఉన్నాయి, నీటి మట్టం సరిగ్గా గీతని ముట్టుకుంది.

మూలలు ఎందుకంత ముఖ్యం? ఓడ కిరాయి ఖనిజం టన్నుకి 200 రూపాయలు, కోకు టన్నుకి 500 రూపాయలు అనుకోండి (ఇది ఊహ రేటు). అంతా ఖనిజమైతే 80 లక్షలు వస్తుంది. అంతా కోకైతే 1 కోటి 25 లక్షలు. (20, 20) దగ్గర 40 లక్షలు, 1 కోటి కలిపి 1 కోటి 40 లక్షలు. ప్రాంతంలో లక్షల బిందువులున్నా అన్నీ వెతకనక్కర్లేదు. ఇలాంటి లెక్కలో అన్నిటికంటే ఎక్కువ లాభం ఏదో ఒక మూలలో తప్పకుండా దొరుకుతుంది. అయితే రేట్లు మారితే మూల కూడా మారొచ్చు. అసలు ఓడకి ఇంకా చాలా హద్దులుంటాయి. బరువు ఒక పక్కకి ఒరగకూడదు, రేవు లోతు చాలాలి. ఒక్కో హద్దుకీ ఒక్కో గీత. గీతలు పెరిగినా పద్ధతి మాత్రం ఇదే.

మనం చేసే తప్పులు

ఒకటి. "చిన్నది అంటే కింద పక్క, పెద్దది అంటే పై పక్క" అని బట్టీ పట్టడం. మా బెంచీ వాడు చేసింది ఇదే. వాడికిచ్చింది ఎక్స్ – వై ≤ 2. గుర్తు 'చిన్నది' కాబట్టి కింద పక్క రంగేశాడు. మూలబిందువుని అడిగి ఉంటే 0 – 0 ≤ 2, నిజం. ఆ గీత (2, 0), (0, –2) మీదుగా పోతుంది. మూలబిందువు దానికి పై పక్కన ఉంది! రంగు పైన వేయాలి. వై ముందు ఋణ గుర్తు ఉంది కాబట్టి బట్టీ పట్టిన సూత్రం తలకిందులైంది.

రెండు. ఋణ సంఖ్యతో గుణించినప్పుడు గుర్తు తిప్పడం మర్చిపోవడం. 2 కంటే 5 పెద్దది. కానీ –2 కంటే –5 చిన్నది. అప్పుతో ఆలోచించండి. అయిదు రూపాయల అప్పున్నవాడు రెండు రూపాయల అప్పున్నవాడి కంటే బీదవాడు. అందుకే ఋణ సంఖ్యతో గుణించినా, భాగించినా గుర్తు తిరగాలి.

మూడు. గీత మూలబిందువు మీదుగానే పోతే మళ్ళీ మూలబిందువునే అడగడం. ఉదాహరణకి 'కోకు ఖనిజం కంటే మించకూడదు' అంటే వై ≤ ఎక్స్. ఈ గీత (0, 0) మీదుగా పోతుంది. గట్టు మీద కూచున్నవాణ్ణి "ఏ పొలం నీది" అని అడిగితే ఏం చెప్తాడు? గీతకి దూరంగా ఉన్న ఇంకో బిందువుని అడగాలి. (10, 0) పెడితే 0 ≤ 10 నిజం. కాబట్టి ఎక్స్-అక్షం ఉన్న పక్క మనది.

నాలుగు. నిండు గీత, చుక్కల గీత తేడా చూడకపోవడం. ఇది పైన చెప్పేశాను.

ఈ లెక్క ఎవరికి పనికొచ్చింది?

"ఇవన్నీ పరీక్షల కోసమే, తర్వాత ఎందుకూ పనికిరావు" అని కొందరంటారు. అది తప్పు. 1938లో రష్యాలో కాంతొరోవిచ్ అనే యువ గణిత ఆచార్యుడి దగ్గరికి ప్లైవుడ్ తయారుచేసేవాళ్ళు ఒక చిక్కు తెచ్చారు. ఉన్న యంత్రాలతో ఎక్కువ సరుకు ఎలా తియ్యాలన్నది వాళ్ళ ప్రశ్న. ఆయన దాన్ని హద్దుల లెక్కగా మార్చి దారి చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కూప్‌మన్స్ అనే ఆయన అమెరికాలో ఓడల సంస్థలో గణాంకాల పని చేస్తూ, ఏ రేవు నుంచి ఏ రేవుకి ఓడల్ని పంపితే దండగ తగ్గుతుందో ఇలాంటి లెక్కే వేశాడు. 1947లో అమెరికాలోనే డాంట్జిగ్ ఇంకో దారి కనిపెట్టాడు. గీతలు వందలున్నా ఒక మూల నుంచి ఇంకా మంచి మూలకి నడుచుకుంటూ పోయే పద్ధతి అది. కాంతొరోవిచ్‌కీ కూప్‌మన్స్‌కీ 1975లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్ళ లెక్కల్లో హద్దులు వందలూ వేలూ ఉండొచ్చు, మనకి రెండే ఉన్నాయి. మొదలు మాత్రం ఒకటే. గీత గియ్యి, ఏ పక్కో అడుగు.

మా నాన్న కావిడి

యాత్ర నుంచి వచ్చాక సెలవులకి ఇంటికెళ్ళాను. నాన్న సంతకి కావిడి కడుతున్నాడు. పసుపు మూటలు, కొండ చీపుళ్ళ కట్టలు. పసుపు బరువు, చీపుళ్ళు బరువుండవు గానీ చోటు తింటాయి. నాకు ఓడ గుర్తొచ్చింది. మూట 9 కేజీలు, చీపుళ్ళ కట్ట 3 కేజీలు తూగాయి. "ఎంత మొయ్యగలవు నాన్నా" అని అడిగితే "నలభై అయిదు కేజీలు దాటితే దిగుడులో మోకాలు వణుకుతాదిరా" అన్నాడు. రెండు బుట్టల్లోనూ కలిపి 9 మించి కట్టలేడు.

మూటలు ఎక్స్, కట్టలు వై అనుకుంటే 9ఎక్స్ + 3వై ≤ 45. మూడుతో భాగిస్తే 3ఎక్స్ + వై ≤ 15. ఇంకోటి ఎక్స్ + వై ≤ 9. రెండు గీతలూ కలిసేది (3, 6) దగ్గర.

నేను లెక్క వేసి తలెత్తేసరికి నాన్న మూడు మూటలు, ఆరు కట్టలు సర్దేసి లేచాడు. ఆయన బడికి పోలేదు. గ్రాఫ్ కాగితం చూడలేదు. ఆయన లెక్కంతా మోకాలిలో ఉంది.

అయితే నాన్నకి తెలిసిన ఆ హద్దు అందరూ పాటించరు. సంత రోజు ఘాట్ రోడ్డులో జీపులు చూడండి. లోపల నిండిపోయి, వెనక వేలాడుతూ, పైన మూటల మీద కూచుని పోతారు. "ఇంకొక్కడికి చోటుంది, ఎక్కు" అంటారు. చోటు ఉండొచ్చు. కానీ జీపుకి కూడా రెండు కొలతలున్నాయి. చోటు మిగిలినంత మాత్రాన బరువు మిగిలినట్టు కాదు. ఓడకి గీత గీసి పెట్టారు, జీపు ఒంటి మీద అలాంటి గీత లేదు. అందుకని ఆ గీత మన బుర్రలో ఉండాలి. ఈసారి సెలవులకి వెళ్ళేటప్పుడు పైకి ఎక్కమంటే ఎక్కకండి, తర్వాతి బండికి వెళ్ళండి. చిన్న తరగతుల తమ్ముళ్ళని కూడా ఎక్కనివ్వకండి.

చివరి మాట

మా బెంచీ వాడి సంగతి చెప్పలేదు కదూ. సెలవుల ముందు రెండు రాత్రులు స్టడీ అవర్‌లో కూచుని మూలబిందువుని అడగడం నేర్చుకున్నాం. వాడికి బట్టీ సూత్రం వదిలించడానికే ఎక్కువ సేపు పట్టింది. సెలవులయ్యాక మూడు రోజులు ఆలస్యంగా వచ్చాడు గానీ, వచ్చాడు. కింద అంటించిన గ్రాఫ్ గీసింది వాడే. నీలం, ఎరుపు సరిగ్గా ఎక్కడ కలిశాయో చూడండి. వాడి గీత ఎప్పుడూ బాగుంటుంది. ఇప్పుడు పక్క కూడా సరిగ్గా ఉంది.

ప్రశ్న: మా నాన్న 4 మూటలు, 4 కట్టలు మొయ్యగలడా? 2 మూటలు, 7 కట్టలు? మూటకి 100 రూపాయలు, కట్టకి 40 రూపాయలు లాభం వస్తే ఏ మూల మంచిది? గ్రాఫ్ గీసి, స్కేలు రాసి, మీ పేరు, తరగతి వేసి గోడపత్రిక కింద పెట్టెలో వేయండి. సరైన గ్రాఫ్‌ని వచ్చే సంచికలో అంటిస్తాం.

వ్యాసంలో తప్పులుంటే మేస్టార్లు ఎర్ర సిరాతో దిద్దగలరు. తమ్ముళ్ళు మాత్రం పెన్నుతో మీసాలు గీయకండి.